చేమ మడిలో డీజిల్

జూలై 8, 1987. బుధవారం

మసావో ఉద్యోగం పోయింది. పోలేదు, ఆగిందట. పోవడానికీ ఆగడానికీ తేడా ఏమిటో జీతాల రోజు తెలుస్తుంది. కరెంటు ప్లాంట్ గేటుకి కాగితం అంటించారు, డబ్బు లేదు, మళ్ళీ చెప్పేదాకా ఎవరూ రావద్దు అని. ప్లాంట్ వాళ్ళే కాదు, రోడ్ల వాళ్ళు, ఆఫీసుల వాళ్ళు, అందరూ. మా దీవుల్లో పెద్ద ఊరు ఈ కొరోర్‌లో ఏ ఇంటిముందు చూసినా ఒక మగాడు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

ఆస్పత్రిని మాత్రం వదిలేశారు. అంటే ఈ ఇంట్లో ఇక సంపాదించేది నేనొక్కదాన్నే. నర్సుని, నలభై నాలుగేళ్ళదాన్ని, నడుం నొప్పిదాన్ని. తినేది నేను, మా ఆయన మసావో, అమ్మ. అమ్మ తమ్ముడు మావయ్య కూడా. అత్తయ్య పోయినప్పటినుంచి ఆయన రెండు పూటలా ఇక్కడే.

 సాయంత్రం మసావో ఒకటే ముక్క అన్నాడు, ఇదంతా మీ అమ్మలాంటి ముసలమ్మల వల్లే అని. అమ్మ వక్క కొట్టుకుంటోంది. కొట్టుకుంటూనే, అవును అల్లుడూ, ప్లాంట్ డబ్బంతా నేనే వక్కలు కొనుక్కుని నమిలేశాను అంది.

నాకు నవ్వొచ్చింది. మసావో కంచం నేలకేసి కొట్టాడు. నవ్వు పోయింది.

జూలై 21, మంగళవారం

ఉద్యోగాలు ఆగిన మగాళ్ళంతా తలకి ఎర్రగుడ్డలు కట్టుకుని అసెంబ్లీ భవనం ముందు టెంట్లు వేశారు. మసావో అక్కడే పడుకుంటున్నాడు. స్నానానికీ తిండికీ ఇంటికొస్తాడు. మాటకి రాడు.

ఇవాళ మధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయింది. వార్డులో ఊపిరి మెషీన్ మీద ఒక పెద్దాయన ఉన్నాడు. జనరేటర్‌కి డీజిల్ లేదు. చేత్తో బెలూన్ నొక్కాను. మణికట్టు వాచేదాకా నొక్కాను. ఇంకో నర్సు వచ్చి అందుకునే లోపల పోయాడు. కూతురు నా జాకెట్టు పట్టుకుని కుదిపింది, నువ్వే చంపావు అని.

ఇంటికొస్తే తెలిసింది, ప్లాంట్‌లో స్విచ్ తీసేసింది మసావోయేనట. టెంట్ల వాళ్ళు పంపారట. వాడికి తప్ప ఎవరికీ ఆ స్విచ్ ఎక్కడుందో తెలీదు మరి. ఒళ్ళు మండి, ఒక మనిషి పోయాడురా అన్నాను. మమ్మల్ని ఇంటికి పంపినప్పుడు మేం పోలేదా అన్నాడు. ఇద్దరం చెయ్యి చేసుకునే దాకా వచ్చాం. అమ్మ మధ్యలోకొచ్చి నిలబడింది.

గొడవ మూలం ఏమిటో రాసి పెడతాను. నాలుగేళ్ళు పోతే నాకే నమ్మబుద్ధి కాదు. అమెరికా కింద ఉన్న మా దీవులకి మేం సొంతంగా రాజ్యాంగం రాసుకున్నప్పుడు ఒక మాట పెట్టుకున్నాం. అణుబాంబులూ, వాటిని మోసే ఓడలూ మా నేలమీదికి గానీ మా నీళ్ళలోకి గానీ రాకూడదు. రావాలంటే నూటికి డెబ్బై ఐదుగురు సరే అనాలి. ఆ ఒక్క మాట పక్కన పెడితే ఏళ్ళ తరబడి డబ్బిస్తాం అంటారు అమెరికావాళ్ళు. ఓటు మీద ఓటు పెట్టారు. ప్రతిసారీ చాలామంది సరే అంటారు, అమ్మలాంటి ముసలమ్మలు వద్దంటారు, డెబ్బై ఐదు మాత్రం రాదు. అందుకని ఇప్పుడు సగం దాటితే చాలు అని రాజ్యాంగమే మార్చడానికి మళ్ళీ ఓటు. గోడ దూకలేనివాడు గోడే పడగొడతాడు.

నా సంగతి చెప్పాలంటే, నాకు బాంబు మాట తర్వాత. ముందు డీజిల్ కావాలి.

ఆగస్టు 4, మంగళవారం

ఓటు వేశాను. సరే అనే వేశాను. అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. సగం ఎప్పుడో దాటిపోయిందట.

ఆగస్టు 13, గురువారం

ఈ మార్పు చెల్లదని పెద్దాడవాళ్ళు కోర్టుకెళ్ళారు. కేసు తేలేదాకా అమెరికా డబ్బు రాదు. కాగితం మీద మొదటి పేరు మా అమ్మది. ఉలాంగ్. ఇంత లావు అక్షరాలతో.

నాకు ఆస్పత్రిలో తెలిసింది. ఇంటికొచ్చేసరికి మావయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు, చేప తల చప్పరిస్తూ. మావయ్య అమ్మకి తమ్ముడు, అమ్మ చంకన పెరిగినవాడే. కానీ వంశం పెద్ద. ఇరవై ఏళ్ళ కిందట అమ్మా, వంశంలో తక్కిన పెద్దాడవాళ్ళూ తలమీద కొబ్బరాకు పెట్టి రెకెలాంగ్ అనే బిరుదు ఇచ్చారు. ఆ రోజుతో చిన్నప్పటి పేరు పోయింది, ఇక ఎవరూ ఆ పేరు ఎత్తకూడదు. అమ్మ కూడా మీరు అనే అంటుంది. టెంట్లలో కుర్రాళ్ళు ఆయన వస్తే లేచి నిలబడతారు.

మావయ్య ముల్లు తీసి పక్కన పెట్టి అన్నాడు, అక్కా, నీ పేరు తీయించేస్తానని టెంట్ల వాళ్ళకి మాటిచ్చాను అని. అమ్మ, నా పేరు మీద మీరు మాటెలా ఇచ్చారు రెకెలాంగ్, నా పళ్ళతో మీరు నమలగలరా అంది.

ఆయన కోపం తెచ్చుకోలేదు. నెమ్మదిగానే చెప్పాడు. అణుబాంబుని నేను చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు. ఆకలిని ఇద్దరం చూశాం. ఓడ వస్తుంది, పోతుంది. అందులో ఏముందో మనకెందుకు. పిల్లలకి పాలడబ్బా కావాలి, ఆస్పత్రికి నూనె కావాలి, కావాలంటే నీ కూతుర్నే అడుగు. పిడికెడంత దేశం, మనకి రోషమా?

నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన అన్నదాంట్లో నాకు తప్పు కనపడలేదు.

అమ్మ అప్పుడు గువాం సంగతి ఎత్తింది. కడుపులో గడ్డ తీయించుకోడానికి ఎప్పుడో గువాం ఆస్పత్రిలో ఉంది కదా, పక్క మంచంలో తూర్పు దీవుల మనిషి ఉండేదట. వాళ్ళ దగ్గర్లోనే అమెరికావాళ్ళు అణుబాంబు పేల్చి చూశారు. పిండిలా బూడిద రాలితే పిల్లలు ఒళ్ళంతా పూసుకుని ఆడుకున్నారట. ఆమె మెడ మీద అడ్డంగా, గడ్డ తీసిన కోత. కన్నది ఎముకల్లేని బిడ్డనట, పొద్దు తిరక్కముందే పోయింది. అది చెబుతూ ఏడవలేదటగానీ, తన మట్టిలో పండింది తను తినకూడదు, డబ్బాల తిండి ఓడలో వస్తుంది అని చెబుతూ ఏడ్చిందట.

అమ్మ అంది, సొంత మడిలో దుంప తినలేని బతుకు ఏం బతుకు రెకెలాంగ్, మీ పాలడబ్బా ఎన్నాళ్ళొస్తుంది అని.

మావయ్య చెయ్యి కడుక్కుని లేచాడు. గుమ్మంలో చెప్పు తెగింది. కూర్చోండి అని చేపలు పట్టే పచ్చ నైలాన్ తాడుతో నేనే కుట్టి ఇచ్చాను. తాడు తెగేదాకా లాగకని మీ అమ్మకి చెప్పవే అన్నాడు. దేన్ని గురించన్నాడో అర్థమైంది.

ఆగస్టు 19, బుధవారం

పొద్దున్నే పికప్ వచ్చి మా ఇంటిముందు ఆగింది. ఎర్రగుడ్డలు. తుపాకీ పేలింది. నేను అన్నం వారుస్తున్నాను, గంజి కాళ్ళమీద పోసుకున్నాను.

గుండు నీళ్ళ ట్యాంకుకి తగిలింది. అమ్మ బయటికెళ్ళి చూసి, లోపలికొచ్చి బిందె తీసుకెళ్ళి ఆ చిల్లు కింద పెట్టింది. నీళ్ళు పారబోస్తారేమిటి వెధవలు, వానలే సరిగ్గా లేవు అంది.  బిందె మాత్రం మూడుసార్లు జారింది.

ఆగస్టు 22, శనివారం

కోర్టుకెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే పేర్లు తీసేసుకుంటున్నారు. ఒకామె మనవడి కాలు విరగ్గొట్టారు. ఒకామె కుక్కని కోసి గుమ్మానికి వేలాడదీశారు. ఆ మనవడి కాలికి కట్టు కట్టింది నేనే. వాడికి నొప్పి కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది, ఎవరు కొట్టారో చెప్పలేదు. కొట్టింది వాడి బాబాయి కొడుకే అయ్యుంటాడు. ఇక్కడ పరాయివాడెవడు?

అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను. తీసెయ్యవే అమ్మా, నువ్వు పోతే నాకెవరూ లేరే అన్నాను. మసావో ఉన్నాడుగా అంది. ఉన్నాడు, టెంట్‌లో అన్నాను. నా తల నిమిరింది. తీస్తానని మాత్రం అనలేదు.

ఆగస్టు 26, బుధవారం, ఉదయం

మా చేమ మడిలో డీజిల్ పోశారు.

అమ్మ ఎప్పటిలాగే తెల్లారి దిగడానికి వెళ్ళింది. కేక వినిపించింది. అమ్మ గొంతు అని గుర్తుపట్టలేదు. పరుగెత్తాను. చేమాకులు కొన్ని నరికేసి ఉన్నాయి. నీళ్ళమీద నూనె రంగులు రంగులుగా తేలుతోంది.  మా అమ్మమ్మ వాళ్ళమ్మ దిగిన మడి అది. యుద్ధంలో బాంబులు పడ్డా ఎండని మడి. అమ్మ నడుం లోతు బురదలో దిగి ఆ నీళ్ళు చేతుల్తో తోడి బయటికి విసురుతోంది. చేతుల్తో. ఆపడానికి వెళ్తే నన్ను తోసేసింది.

ఆడవాళ్ళ మడి. మగాడు కాలు పెట్టడు. పెట్టినా నడవడం రాదు. మేం అడుగున పరిచిన ఆకుల మీద అడుగులేసుకుంటూ తేలిగ్గా పోతాం, వాళ్ళు తొడల దాకా దిగబడతారు. ఇవాళా అలాగే దిగబడ్డారు. గట్టు పక్కనుంచి మధ్య దాకా దున్నపోతు పొర్లినట్టుంది. ఆ గుంటలో చెయ్యి పెట్టి తడిమాను. రబ్బరు చెప్పు దొరికింది. అమ్మ చూడకుండా గౌన్లో దోపుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

ఊళ్ళో డీజిల్ ఎక్కడిది? ఆస్పత్రికే లేదు. ప్లాంట్ ట్యాంక్ అడుగున మిగిలిందే కదా. దాని తాళం ఎవరి దగ్గరుంది?

మసావో స్నానానికొచ్చాడు. నేను ఏమీ అడగలేదు. కొబ్బరి కోరే పీట తీసుకుని ముఖాన కొట్టాను. పడ్డాడు. మళ్ళీ కొట్టాను. రక్తం కళ్ళల్లోకి కారుతుంటే చేతులడ్డం పెట్టి, ఎందుకే, ఎందుకే అంటాడు. మడి అన్నాను. ఏ మడి అన్నాడు. వాడి ముఖం చూస్తే వాడికి తెలీదని తెలిసింది, అయినా ఇంకోటి తగిలించాను. ఆస్పత్రిలో పోయిన పెద్దాయన పేరు మీద.

వాడి చెప్పులు రెండూ వాడి కాళ్ళకే ఉన్నాయి.

డీజిల్ ఇచ్చింది వాడే. పడవకి కావాలని అడిగితే డబ్బా నింపి ఇచ్చాడట. అడిగింది ఎవరంటే చెప్పడు. నేను దాచిన చెప్పు బయటికి తీసి బురద కడిగాను. పచ్చ నైలాన్ తాడు. నేను కుట్టిందే.

మసావో కనుబొమ్మ చీలిపోయింది. నేనే పగలగొట్టాను, నేనే కూర్చోబెట్టి కుట్లు వేశాను. కుడుతున్నంతసేపూ ఇద్దరం ఏడ్చాం. వాడు టెంట్‌కి వెళ్ళలేదు.

ఆగస్టు 28, శుక్రవారం

మావయ్య రెండు రోజులుగా తిండికి రాలేదు. పడవల రేవు దగ్గర దొరికాడు. ఉత్త కాళ్ళతో ఉన్నాడు. వల బాగుచేసుకుంటున్నాడు. చెప్పు తీసి ఒళ్ళో పడేశాను.

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. చెప్పు అటూ ఇటూ తిప్పి, గట్టిగానే కుట్టావు, బురదే లాగేసింది అన్నాడు.

ఎందుకు చేశారంటే చెప్పాడు. టెంట్ల వాళ్ళు మా ఇంటికే నిప్పు పెడతామన్నారట. ముసలిది లోపలుంటే ఉండనీ అన్నాడట ఒకడు. మావయ్య వాడి చెంప పగలగొట్టి, నా మాట మీద మడితో సరిపెట్టండి, ఆ పని కూడా నేనే చేస్తాను, ఇంకెవడూ మా అక్క గట్టు తొక్కకూడదు అన్నాడట. నేనున్నంతకాలం ఇంటి జోలికి రారే అమ్మడూ, మడి పోతే మళ్ళీ వేసుకోవచ్చు, మీ అమ్మని మళ్ళీ వెయ్యగలమా అన్నాడు.

 అప్పుడు మావయ్య పాత సంగతి ఎత్తాడు. యుద్ధంలో ఆ మడికి సైనికులు కాపలా ఉండేవాళ్ళట. ఒక్క దుంప తవ్వుకున్నందుకు మావయ్య కింది తమ్ముణ్ణి అక్కడే కాల్చేశారు. అమ్మా మావయ్యా వాణ్ణి చెరో చెయ్యీ పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఆ దుంప వాడి పిడికిట్లోనే ఉందట. పిడికిలి విప్పి తీసుకుని తిన్నాం అన్నాడు మావయ్య. వల ముడేస్తూనే చెప్పాడు. ఆకలంటే అదే, మీ అమ్మ ఎలా మర్చిపోయిందో నాకు తెలీదు అన్నాడు.

ఆగస్టు 29, శనివారం

అమ్మకి ముందే తెలుసు. బురదలో ఆ కాలి గుంట లోతు చూసే గుర్తుపట్టిందట, వాడు ఎడమ కాలు ఈడుస్తాడు అంది. వాడు అంది. మీరు అనలేదు.

సెప్టెంబర్ 12, శనివారం

వారం నుంచి వంశంలో పెద్దాడవాళ్ళు వస్తున్నారు, పోతున్నారు. కూర్చుంటారు, తమలపాకులో వక్కా సున్నం చుట్టి నములుతారు, బయట ఉమ్ముతారు, వర్షాల గురించి మాట్లాడుకుంటారు. నన్ను వంటింట్లోంచి రానివ్వలేదు. నిన్న అర్థమైంది, మావయ్య బిరుదు తీసేస్తారని. అమ్మతో చెప్పాను, ఆయన మాటొక్కటే మనకి తడక, అది నువ్వే పీకేస్తే రేపు ఎవడైనా లోపలికొస్తాడు అని. తడక కోసం మడిని చంపుకున్నవాడు పెద్దెలా అవుతాడే అంది అమ్మ.

ఇవాళ మిట్టమధ్యాహ్నం నలుగురు ముసలమ్మలు ఎండలో నడుచుకుంటూ టెంట్ల దగ్గరికి వెళ్ళారు. వెనక నేను. నా వెనక మసావో, కుట్లతో. అమ్మ చేతిలో కొబ్బరాకు. మగాళ్ళు పేకలాట ఆపేశారు. మావయ్య టార్పాలిన్ కింద కుర్చీలో ఉన్నాడు. ఆకు చూశాడు. ముఖంలో రక్తం లేదు.

బిరుదు మామూలుగా శవం మీదనుంచి తీస్తారు. పాతిపెట్టే ముందు. బతికున్నవాడి మీదనుంచి తీయడం నా జన్మలో చూళ్ళేదు. అమ్మ ఆకు ఆయన తలమీద ఆనించి, పైకెత్తి, పక్కకి తీసింది. అంతే. మంత్రం లేదు, కేక లేదు.

అప్పుడంది, ఒరే సబురో, లే. ఆ కుర్చీ నీది కాదు.

ఇరవై ఏళ్ళుగా ఎవరూ పలకని పేరు. నేనే మర్చిపోయాను. అరవై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడు లేచినట్టు గభాల్న లేచి నిలబడ్డాడు. ఆరిపోయిన సిగరెట్ చేతిలోనే ఉంది. అమ్మ వెనక్కి తిరిగి నడిచింది. వెనకనుంచి ఒక కుర్రాడు నవ్వడం వినిపించింది. ఆ నవ్వు ఇంటిదాకా నా చెవుల్లోనే ఉంది.

సెప్టెంబర్ 16, బుధవారం

మావయ్య మా ఇంటి ఎదుట చెట్టుకింద కూర్చుంటున్నాడు. లోపలికి రాడు. పొద్దున వస్తాడు, చీకటిపడ్డాక పోతాడు. ఉత్త కాళ్ళు. పక్కన చేపలు పొడిచే బల్లెం.

అమ్మ కిటికీ వైపు చూడదు. మధ్యాహ్నం మాత్రం, ఆ సబురోకి మంచినీళ్ళివ్వవే అంది. ఇచ్చాను. తాగి, గ్లాసు తిరగేసి ఇచ్చాడు. మీ అమ్మ చేపలో ఉప్పు ఎక్కువేస్తోందా ఇంకా అని అడిగాడు. వేస్తోంది అన్నాను.

సెప్టెంబర్ 20, ఆదివారం, రాత్రి

 అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పొద్దున నేను పూజకి వెళ్ళాను. అమ్మ మోకాలు వాచి ఇంట్లోనే ఉంది. చర్చి మెట్లు దిగుతుంటే పొగ. మా పేట వైపే. పరుగెత్తాను. పరుగెత్తుతూ అమ్మ చచ్చిపోయిందని నాకు ఖాయంగా తెలుసు. అమ్మా అని అరుస్తున్నాను, రోడ్డంతా జనం చూస్తున్నారు, ఒక్కడూ కదలడు.

ఎర్రగుడ్డల వాళ్ళు పికప్‌లో వచ్చారట, పెట్రోలు సీసాలతో. మావయ్య బల్లెం తీసుకుని రోడ్డుకి అడ్డం నిలబడ్డాడు. ఇదివరకైతే దిగి తలవంచేవాళ్ళు. నువ్వెవడివిరా ముసలోడా, తప్పుకో అన్నారట. అమ్మ కిటికీలోంచి విన్నది అంతా. మావయ్య, నేను ఎవణ్ణీ కాను, నన్ను దాటి వెళ్ళండి చూద్దాం అన్నాడట. ఒకడు సీసా అంటించి చెయ్యెత్తాడు. మావయ్య బల్లెం పారేసి ఆ చెయ్యి పట్టుకున్నాడు, సీసాతో సహా. గుండెకి హత్తుకున్నాడు. అక్కడే పగిలింది.

నేను వెళ్ళేసరికి మసావో తడి గోనెపట్టాలతో ఆయన మీద పడి ఆర్పుతున్నాడు. టెంట్ల దగ్గర ఎవరో చెబితే పికప్ వెనకాలే పరుగెత్తుకొచ్చాడట, వాడి రెండు చేతులూ తోలు ఊడాయి. వంటిల్లు ఒక పక్క కాలింది. ఇల్లు నిలబడింది. అమ్మ రోడ్డు మధ్యలో కూర్చుని మావయ్య తల ఒళ్ళో పెట్టుకుంది. ఆయన జుట్టు లేదు. ఛాతీ గురించి రాయను. ఎన్ని ఒళ్ళు కడిగాను, ఎన్ని కాలిన గాయాలు చూశాను, ఇది రాయలేను.

స్పృహ ఉంది. అక్కా, దాహం అన్నాడు. అమ్మ తన నోటితోనే ఆయన నోట్లో నీళ్ళు పోసింది. ఒరే సబురో, ఒరే సబురో అంటూనే ఉంది, ఆస్పత్రి మంచం ఎక్కించేదాకా. ఎవరు సీసా అంటించారో పేటంతా చూసింది. పోలీసు అడిగితే పేటంతా చర్చిలో ఉందట.

సెప్టెంబర్ 21, సోమవారం

తెల్లారకముందే పోయాడు. కరెంటు ఉంది.

సెప్టెంబర్ 23, బుధవారం

శవాన్ని ఇంటికి తెచ్చాం. వంశంలో ఆడవాళ్ళు ఇద్దరు అమ్మని అడిగారు, ఆకు మళ్ళీ పెడదాం, రెకెలాంగ్‌గా పంపుదాం, అంత పని చేసినవాడు కదా అని. అమ్మ వద్దంది. ఆ బిరుదు మడిలో కలిసింది, వాణ్ణి వాడిలాగే పోనివ్వండి అంది.

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ మింగింది కక్కేశాను. అందరి ముందూ అన్నాను, నువ్వు తీశావు కాబట్టే చచ్చాడు, బిరుదు ఉంటే వాళ్ళు చెయ్యెత్తేవాళ్ళా, నీ కేసూ నువ్వూ, ఆయన్ని నువ్వే చంపావు అన్నాను. 

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. శవం మీద ఈగలు తోలుతూ కూర్చుంది. తోలుతూనే, బిరుదు ఉంటే వాడు చెట్టుకింద కూర్చునేవాడు కాదే, కుర్చీలో ఉండేవాడు అంది.

నేను బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. మసావో కట్టు కట్టిన చేతుల్తో నా వీపు నిమరడానికి చూశాడు. ఆ చేతుల్తో ఏమీ చెయ్యలేకపోయాడు.

రేవు దగ్గర ఆయన పడవలో చెప్పు దొరికింది, నేను ఒళ్ళో పడేసింది. రెండోది మంచం కింద. జత చేసి కాళ్ళ దగ్గర పెట్టాను. ఆయన్ని బిరుదు ఉన్నవాళ్ళ వరసలో కాదు, యుద్ధంలో పోయిన ఆ తమ్ముడి పక్కన పాతిపెట్టించింది అమ్మ.

లాయరు వచ్చాడు. అందరూ తీసేసుకున్నారు, మీ ఒక్క పేరే మిగిలింది, తీసేసినా ఎవరూ తప్పు పట్టరు అన్నాడు. సోమవారం జడ్జి స్వయంగా అడుగుతాడట. అమ్మ విందో లేదో తెలీదు. అన్నం కలుపుతోంది. నాకూ మసావోకీ ముద్దలు పెట్టింది. చేపలో ఉప్పు ఎక్కువైంది.

సెప్టెంబర్ 27, ఆదివారం

అమ్మ మడిలోకి దిగింది. వాసన పోలేదు. ఒక మూల పైమట్టి ఎత్తి పారేసి రెండు పిలకలు నాటింది. బతుకుతాయా అంటే, నన్నడుగుతావేమే, మట్టినడుగు అంది. రేపటి సంగతి నేను అడగలేదు. అడగడానికి నాకు ముఖం లేదు.

సెప్టెంబర్ 28, సోమవారం

జడ్జి పేరు అడిగాడు. అమ్మ ఉలాంగ్ అనలేదు. సబురో అక్కని, అంది.

కేసు తీసేసుకుంటారా అని అడిగాడు.

సబురో అక్కని, అంది మళ్ళీ.

తీయనన్నట్టు రాసుకున్నారు.